‘ఎవరూ లేరు’ అన్న పేజీ

ఉద్యోగం మానేశాక నన్ను కలిసే కుర్రవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “మీరు ఏ టెక్నాలజీలో పనిచేశారు మేడం?” జవాబు చెప్పడానికి నాకు కాస్త మొహమాటం. నేను నేర్చుకున్న వాటిలో సగానికి పైగా ఇప్పుడు పేరు చెప్పినా ఎవరికీ గుర్తురావు. కొన్ని నేను నేర్చుకోవడం పూర్తయ్యేలోపే పాతబడిపోయాయి.

కానీ పని మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకటే. ఎవరో ఒక మనిషి ఒక ప్రశ్న అడుగుతారు. దాన్ని డేటాబేసుకు అర్థమయ్యేలా మార్చాలి. డేటాబేసు ఇచ్చిన జవాబును మళ్లీ మనిషికి అర్థమయ్యేలా తెరమీద పెట్టాలి. ఈ రెండు మార్పుల మధ్య ఏం తేడా వస్తుందో చూసుకోవడమే మా వృత్తి. మిగతాదంతా మీటింగులు.

ఆ తేడా ఎంత దూరం పోతుందో నాకు ఒకే ఒక చిన్న పేజీ నేర్పింది. ఒక పెట్టె, ఒక బటన్ ఉన్న పేజీ. దాని సంగతే రాస్తున్నాను.

మాదాపూర్ మేడ మీద

మాది ప్రొద్దుటూరు. కర్నూలులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయనకు హైదరాబాదు బదిలీ కావడంతో తొంభైల చివర్లో ఇక్కడికి వచ్చాం. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం అప్పుడే లేచింది. దాని పటాలు పేపర్లలో వచ్చేవి. మా కంపెనీకి ఆ భవనంలో అడుగుపెట్టే స్తోమతు లేదు. దానికి కొంచెం దూరంలో, ఒక మేడ మీది వాటా కిరాయికి తీసుకున్నారు. పక్క స్థలంలో బండలు పేల్చేవాళ్లు. పేల్చే ముందు ఒకతను ఎర్రజెండా ఊపుతూ అరిచేవాడు. మేం వెంటనే ఫైలు సేవ్ చేసుకునేవాళ్లం. పేలుడు తర్వాత కరెంటు ఉంటుందో లేదో చెప్పలేం.

మా యజమాని ప్రసాదరావు గారు తెనాలివైపు మనిషి. అంతకు ముందు ఏళ్ల తరబడి పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసి, సొంతంగా కంపెనీ పెట్టుకున్నారు. అందరినీ ‘అండి’ అనే పిలిచేవారు. టీ తెచ్చే అతన్ని కూడా. తెలివైన మనిషి. తెరమీద అనవసరంగా ఒక్క మాట ఎక్కువున్నా ఆయనకు చిరాకు. “యంత్రం మాట్లాడకూడదండి, జవాబు చెప్పాలంతే” అనేవారు. ఆ సూత్రం నాకూ నచ్చింది. తర్వాత ఇద్దరం మార్చుకోవాల్సి వచ్చింది.

మాకు వచ్చిన మొదటి చెప్పుకోదగ్గ పని, మూసాపేట దగ్గర హైవేకి దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిది. రోగి తాలూకు వాళ్లు వచ్చి పేరు చెబితే ఏ వార్డులో, ఏ మంచం మీద ఉన్నారో రిసెప్షన్‌లో వెంటనే చెప్పాలి. అప్పటిదాకా లావుపాటి రిజిస్టరు తిరగేసేవాళ్లు. మేం ఆ వివరాలన్నీ డేటాబేసులో పెట్టించి, బ్రౌజరులో తెరుచుకునే పేజీ ఒకటి రాశాం.

లోపల జరిగేది చాలా చిన్న పని. పెట్టెలో టైపు చేసిన పేరును స్క్రిప్టు, అంటే మేం రాసిన చిన్న ప్రోగ్రాం, తీసుకుంటుంది. ‘రోగుల పట్టికలో, పేరు గడి దీనికి సమానమైన వరుసలు ఇవ్వు’ అని డేటాబేసును అడుగుతుంది. ఆ అడగడాన్నే క్వెరీ అంటాం. వరుస వస్తే వార్డు, మంచం చూపిస్తుంది. రాకపోతే ఒక ఎర్ర వాక్యం చూపిస్తుంది. బ్రౌజరులో తెలుగు అక్షరాలు చూపించడం అప్పట్లో పెద్ద తతంగం కాబట్టి పేజీ అంతా ఇంగ్లిషే. ఆ ఎర్ర వాక్యానికి అర్థం: ‘ఈ పేరుతో రోగి ఎవరూ లేరు.’ ఎలా రాయాలో ఆసుపత్రి మేనేజరు చెప్పారు. పొట్టిగా ఉందని ప్రసాదరావు గారు మెచ్చుకున్నారు. దాన్ని రెండోసారి చదవాలని మాలో ఎవరికీ తోచలేదు.

బోరబండ నుంచి వచ్చినవాళ్లు

పేజీ వాడకంలోకి వచ్చిన కొత్తలో, ఎలా నడుస్తోందో చూడమని నన్ను ఆసుపత్రికి పంపారు. రిసెప్షన్‌లో అనసూయ అనే ఆవిడ ఉండేది. మూసాపేటలోనే ఇల్లు. చురుకైన మనిషి, నోరు మంచిది. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పేర్లు చెబుతున్నారు, పేజీ చకచకా జవాబిస్తోంది. నాకు లోపల గర్వంగానే ఉంది.

మధ్యాహ్నం ఒకతను, అతని వెంట ఒక ఆడమనిషి వచ్చారు. అతని చొక్కా మీద సున్నం మరకలు. పని మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు.

“అమ్మా, మా అన్న నర్సింలు. గచ్చిబౌలి కాడ పనికి పోయిండు, రోడ్డు దాటుతుంటే బండి గుద్దిందంట. ఎవరో ఆటోల ఏసి మూసాపేట దిక్కు తీస్కపోయిన్రని చెప్పిన్రు. ఈడికే తెచ్చిన్రా, జర సూడు.”

అనసూయ టైపు చేసింది. ఎర్ర వాక్యం వచ్చింది.

“ఆ పేరుతోని ఎవ్వరు లేరు అన్నా.”

“లేకుండ ఎట్లుంటడమ్మా? మూసాపేట దిక్కే అన్నరు. నా పేరు బాల్‌రాజు, బోరబండల ఉంటం. ఈమె మా వదినె, సత్తెమ్మ. జర ఇంకోసారి సూడు.”

అనసూయ మళ్లీ అదే టైపు చేసింది. మళ్లీ అదే వాక్యం. నేను కీబోర్డు నా వైపు జరుపుకుని, ‘నరసింహులు’ అని పూర్తి రూపంలో టైపు చేసి చూశాను. లేరు. పేరు ఇవ్వకుండా మొత్తం రోగులందరినీ చూపించే పేజీ మేం పెట్టలేదు. రోగుల వివరాలు అందరి కంటా పడకూడదని మేనేజరు వద్దన్నారు. అందులో తప్పేమీ లేదు.

సత్తెమ్మ తెర వైపు చూసి, “గండ్ల లేడంటే ఇగ ఈడ లేనట్టేనా?” అని నన్ను అడిగింది.

నేను జవాబు చెప్పేలోపు అనసూయే అంది: “కంప్యూటర్ల లేడంటే లేడమ్మా. పెద్ద దవాఖానకు తీస్కపోయిన్రేమో, ఆడ సూడున్రి.”

వాళ్లు వెళ్లిపోయారు.

అనసూయను నేను తప్పుపట్టను. నెలక్రితం రిజిస్టరులో పేరు కనబడకపోతే ఆవిడే లేచి, “ఆగున్రి, వార్డుల అడిగొస్త” అని వెళ్లేదట. ఆ సంగతి తర్వాత ఆవిడే చెప్పింది. రిజిస్టరు రాసేది తనలాంటి మనుషులే. పొరపాటు ఉండొచ్చని ఆవిడకు తెలుసు. తెరమీద వచ్చే మాటకు మాత్రం అనుమానం లేదు. ఆ అనుమానాన్ని ఆవిడ దగ్గరినుంచి మేమే తీసేశాం.

మగవాళ్ల వార్డు

ఆ తర్వాత మంచాల వివరాలు సరిపోతున్నాయో లేదో చూడటానికి పై అంతస్తుకు వెళ్లాను. అక్కడి సిస్టరు ఎవరితోనో చిరాగ్గా అంటోంది: “కాలు సంగతి ఇవాళే తేల్చాలంటున్నరు డాక్టరు. సంతకం పెట్టేటోళ్లు ఒక్కరన్నా రావాలె గదా! ఆయనేమో ఊకె సత్తెమ్మా సత్తెమ్మా అంటున్నడు.”

ఆ మంచం దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్ల మనిషి. మత్తులో ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి కట్టు. “నీ పేరేంటన్నా?” అని అడిగాను.

“నర్సింలు.”

సిస్టరు దగ్గరున్న కేసు షీటు చూశాను. ముందు ఇంటిపేరు తాలూకు ‘బి’, తర్వాత ఒక ఖాళీ, ఆ తర్వాత నర్సింలు. చివరి ‘లు’ని క్యాజువాలిటీలో ఉన్నతను రెండు ‘ఓ’లతో రాశాడు. మా క్వెరీ ‘సమానం’ అని అడిగింది. ‘బి నర్సింలూ’, ‘నర్సింలు’ సమానం కావు. డేటాబేసు అబద్ధం చెప్పలేదు. అడిగిందానికి సరిగ్గానే చెప్పింది.

కిందికి పరుగెత్తాను. అనసూయకు విషయం చెప్పాను. “పెద్ద దవాఖానకు పొమ్మని నేనే అంటి గదా మేడం” అంది. అక్కడికి ఫోను చేయడం మొదలుపెట్టింది. ఎంతకీ ఎంగేజే. బాల్‌రాజు వాళ్లకు ఫోను లేదు. సెల్‌ఫోన్లు డబ్బున్నవాళ్ల చేతుల్లోనే ఉండే కాలం. ఆసుపత్రివాళ్లు పోలీసులకు కబురు పంపారు, నిజమే. కానీ బోరబండలో ఇంటికి తాళం. ఇంట్లోవాళ్లంతా ఇతని కోసమే తిరుగుతున్నారు.

నేను ఆటో ఎక్కాను. ఎర్రగడ్డ, అమీర్‌పేట, లక్డీకాపూల్, ప్రతిచోటా ట్రాఫిక్. ఆ దారి పొడుగునా నేను ప్రోగ్రాం గురించి ఆలోచించలేదు. వాళ్లు ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోతే ఎక్కడని వెతకాలా అన్నదే ఆలోచన.

సర్కారు దవాఖాన క్యాజువాలిటీ ముందు జాతరలా జనం. ఎవరిని అడగాలో తెలియలేదు. మెట్లెక్కి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి, “బోరబండ నర్సింలు తాలూకు వాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అరిచాను. నలుగురిలో గొంతెత్తడం నాకు అలవాటు లేదు. రెండోసారి అరిచేసరికి గోడవారన కూర్చున్న బాల్‌రాజు లేచాడు.

“మా అన్ననేనా? దొరికిండా?”

“ఉన్నాడు. మూసాపేటలోనే ఉన్నాడు. పద.”

“వదినె ఆడుంది మేడం.” అతను చేయి చూపించిన వైపు ఒక పొడుగాటి వసారా. “ఈడ గుడ పేరు లేదన్నరు. పేరు తెల్వని పీనుగు ఒకటి ఉంది, వచ్చి సూస్కోమన్నరు. నాకు కాళ్లు రాలే. ఆమెనే పోయింది.”

మేం వెళ్లేసరికి సత్తెమ్మ మార్చురీ తలుపు దగ్గర నిలబడి ఉంది. ముందున్న వాళ్లు బయటికి రావాలని ఆపారు. ఇంకాసేపైతే లోపలికి పంపేవాళ్లు. నేను చెప్పింది విని ఆవిడ ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. తర్వాత ఆటోలో, “ఇందాక లేడంటిరి గదమ్మా” అని ఒక్కసారి అంది. కోపంగా కాదు. తెలుసుకోవడానికి అడిగినట్టు.

ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు. మోకాలి కింద కాలు తీసేశారు. మధ్యాహ్నమే సంతకం దొరికి ఉంటే కాలు నిలిచేదా అని నేను సర్జనును అడిగాను. “చెప్పలేనమ్మా. దెబ్బ మామూలుది కాదు. బహుశా నిలిచేది కాదు” అన్నాడు. ఆ ‘బహుశా’ను నేను ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు.

ఎవరిది తప్పు అనే చర్చ

మర్నాడు ఆఫీసులో విషయం చెప్పాను. ప్రసాదరావు గారు అంతా విని, “డేటా తప్పండి సుజాత గారూ. ప్రోగ్రాం కరెక్టే కదా” అన్నారు.

“ప్రోగ్రాం కరెక్టే సార్. వాక్యం తప్పు.”

“ఏ వాక్యం?”

“ఎవరూ లేరు అన్న వాక్యం. మనకు తెలిసింది ఆ అక్షరాలతో వరుస దొరకలేదని. మనిషి లేడని మనకెట్లా తెలుసు?”

అప్పుడే బయట ఎర్రజెండా అతను అరిచాడు. ఎవరూ ఫైలు సేవ్ చేసుకోలేదు. పేలుడు అయిపోయాక, “సరేనండి. అది మారుద్దాం. కానీ అదొక్కటీ చాలదు, వెతికే పద్ధతి కూడా మారాలి. నేను రాస్తాను” అన్నారు.

ఆయన రాసిన పద్ధతి ముచ్చటైనది. మన పేర్లను ఇంగ్లిషులో రాసేటప్పుడు తేడా వచ్చేది ఎక్కువగా అచ్చుల దగ్గర, ‘హెచ్’ దగ్గర, జంట అక్షరాల దగ్గర. అవన్నీ తీసేసి హల్లులు మాత్రం మిగిల్చి పక్కన ఇంకో గడిలో పెట్టారు. నర్సింలు, నరసింహులు, నర్సిములు ఎలా రాసినా చివరికి ఒకే ముద్ద మిగులుతుంది. అడిగిన పేరునూ అలాగే ముద్ద చేసి, పేరులోని ఏ మాట ముద్ద దానికి సమానమైనా సరే తెమ్మని క్వెరీ. ముందు ఇంటిపేరు ఉన్నా ఇబ్బంది లేదు. రెండు రోజుల్లో పూర్తిచేశారు. మేనేజరు చాలా సంతోషించారు. ఆ పేజీకి మేం అనుకున్న కొత్త వాక్యం పెట్టడం మాత్రం ఆ హడావిడిలో వెనకబడింది.

అందులో ఇంకో లోటుంది. అది కనబడటానికి కొన్ని వారాలు పట్టింది.

ఇద్దరు నర్సమ్మలు

సంగారెడ్డి వైపు నుంచి కిష్టయ్య అనే రైతు, తల్లిని ఆయాసంతో తెచ్చి చేర్పించాడు. చేలో పనుండి రెండు రోజులకని ఊరికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి తల్లిని వేరే వార్డుకు మార్చారు. పాత మంచం మీద ఇంకెవరో ఉన్నారు. అతను కిందికి వచ్చి అనసూయను అడిగాడు. తల్లి పేరు నర్సమ్మ.

పేజీ వెంటనే జవాబిచ్చింది. నర్సమ్మ, నిన్న డిశ్చార్జి.

అసలు సంగతేమిటంటే, పట్టికలో నర్సమ్మలు ఇద్దరున్నారు. క్వెరీ ఇద్దరినీ తెచ్చింది. స్క్రిప్టు మాత్రం మొదటి వరుస చూపించి ఆగిపోయింది. వచ్చిన వరుసలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపించే చుట్టు, అంటే లూపు, అందులో లేదు. పెద్ద కంప్యూటర్ల రోజుల్లో ఒక నంబరుకు ఒకే వరుస ఉండేది. ఆ అలవాటుతో ప్రసాదరావు గారు రాశారు. మేం పరీక్షించినప్పుడూ దొరకలేదు. పరీక్ష కోసం పేర్లు మేమే కల్పించాం. కల్పించేటప్పుడు ఒకే పేరు ఇద్దరికి ఎవరూ పెట్టరు. ఊళ్లలో పెడతారు.

కిష్టయ్య బిత్తరపోయాడు. తల్లిని ఎవరు తీసుకెళ్లారు? ఒక్కతే బయటికి పంపేశారా? అతను బస్టాండుకు పరుగెత్తాడు. అక్కడినుంచి ఊరికి, ఊరినుంచి చెల్లెలి ఇంటికి, మళ్లీ బస్టాండుకు. మర్నాడు బావమరిదిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. ఈసారి రిసెప్షన్‌లో ఆగలేదు. తిన్నగా పైకి వెళ్లి ఒక్కో వార్డూ తలుపు తీసి చూశాడు. మూడో వార్డులో తల్లి ఉంది. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కొడుకు ఇక రాడనుకుని ముందురోజు నుంచి అన్నం ముట్టలేదని సిస్టరు చెప్పింది.

అనసూయ మా ఆఫీసుకు ఫోను చేసింది. “మేడం, ఈడ పరేషాన్ ఉంది, జల్ది రాన్రి.” నేను బయల్దేరుతుంటే ప్రసాదరావు గారు కోడ్ తెరిచి చూస్తున్నారు. ఎక్కువసేపు చూడలేదు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, “నేను కూడా వస్తానండి” అన్నారు.

రిసెప్షన్ చుట్టూ జనం. కిష్టయ్య గొంతు బొంగురుపోయింది. మేనేజరు అతన్ని లోపలి గదిలోకి రమ్మంటున్నారు. అతను కదలడం లేదు.

“ఇంటికి పంపినం అన్నరు! బస్టాండ్‌ల పండుకున్నోళ్ల మొకాలు సూస్కుంట తిరిగిన నేను. ఎవడు రాసిండు గది? వాన్ని పిలువున్రి!”

మేనేజరు కంప్యూటర్ సమస్య అనో ఏదో అనబోయారు. ప్రసాదరావు గారు ముందుకు వెళ్లారు.

“నేను రాశానండి.”

కిష్టయ్య ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఇస్త్రీ చొక్కా, నెరిసిన జుట్టు. “నువ్వా? ఇంత పెద్దమనిషివి...”

“నేనేనండి. మీ అమ్మగారి పేరుతో ఇంకో ఆవిడ ఉన్నారు. ఇద్దర్నీ చూపించాల్సింది. నేను ఒక్కరినే చూపించేలా రాశాను. ఈవిడ చదివి చెప్పారంతే, ఈవిడ తప్పేం లేదు. పూర్తిగా నాది.”

కిష్టయ్య తిట్టడానికి సిద్ధమైన మనిషి. ఎదుటివాడు అలా నిలబడేసరికి తిట్లు మానేసి పై అంతస్తు వైపు చేయి చూపించాడు. “గా ముసల్దానికి చెప్పు పోయి. నేను రాలేదనుకుంట పండుకుంది” అన్నాడు.

ప్రసాదరావు గారు పైకి వెళ్లారు. నేనూ వెళ్లాను. నర్సమ్మ లేచి కూర్చుని ఉంది. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, “అమ్మా, మీ అబ్బాయి నిన్ననే వచ్చాడండి. మీరు లేరని మేమే తప్పు చెప్పి పంపేశాం” అన్నారు.

ఆవిడకు మేమెవరో అర్థం కాలేదు. “నిన్ననే వచ్చిండా?” అని రెండుసార్లు అడిగింది. మిగతా మాటలేవీ ఆవిడకు అక్కర్లేకపోయాయి. కొడుకు తెచ్చిన గిన్నె మూత తీసింది.

నేను తర్వాత ఎంతోమంది కింద పనిచేశాను. ప్రసాదరావు గారికన్నా చాకులాంటి వాళ్లున్నారు, ఆయనకన్నా పెద్ద కంపెనీలు నడిపినవాళ్లున్నారు. తప్పు జరిగినప్పుడు వాళ్లలో ఎక్కువమంది ముందు చూసేది అది ఎవరి టేబుల్ మీద ఉందని. ఈయన తన టేబుల్ మీదే ఉందని ఆటో ఎక్కి వచ్చి చెప్పారు. ఆయన కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ పనిలో మనిషిని అంచనా వేయాల్సి వచ్చినప్పుడల్లా నేను మనసులో ఈయన్నే పక్కన నిలబెట్టి చూసేదాన్ని.

ఆ వారమే పేజీ మళ్లీ రాశాం. వచ్చిన వరుసలన్నీ కనిపిస్తాయి. పేరు పక్కన వయసు, ఊరు, భర్తదో తండ్రిదో పేరు, వెంట ఉన్నవాళ్ల పేరు. డిశ్చార్జి అయినవాళ్లు విడిగా, కింద. ఏ వరుసా రాకపోతే వచ్చే వాక్యం ఇలా మారింది: ‘ఈ స్పెల్లింగుతో దొరకలేదు. దయచేసి క్యాజువాలిటీలోను, వార్డుల్లోను అడగండి.’ పొడుగైన వాక్యమే. ప్రసాదరావు గారు ఒక్క మాట కూడా తీయలేదు.

నర్సింలు అడిగింది

కాలు గాయం మానడానికి నర్సింలు చాలారోజులే ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి వెళ్లే రోజు నేను అక్కడే ఉన్నాను. రెండు చంకకర్రలతో, పక్కన సత్తెమ్మతో రిసెప్షన్ దాకా వచ్చాడు. బాల్‌రాజు ఆటో తేవడానికి వెళ్లాడు. కాలి గురించి నేను ఏదో అనబోతే, “బతికిన గదమ్మా, అగో, గది సాలు” అన్నాడు. తర్వాత ఏం పని చేస్తాడో వాళ్లకూ అప్పటికి తెలియదు.

అతను తెర వైపు మెడ చాచి చూశాడు. “నేను లేనని చెప్పింది ఇదేనా?”

“ఇదే. ఇప్పుడు ఉన్నావంటుంది చూడు” అని అతని పేరు టైపు చేశాను. అతని పేరుతోపాటు ఇంకొన్ని పేర్లు వచ్చాయి.

“నీ పేరు అసలు ఎట్లా రాసుకుంటావు?” అని అడిగాను.

“నేనేడ రాస్తనమ్మా? రాసేటోళ్లు రాస్తరు. రేషన్ కార్డుల ఒక తీరుగ ఉందంట, ఓటు కాయిదంల ఇంకో తీరుగ ఉందంట. పిలిస్తె మాత్రం పలుకుత.” నవ్వాడు. మళ్లీ తెర వైపు చూశాడు. “ఇన్ని గీతలున్నయేంది? అన్నీ నేనేనా?”

“కాదు. వీళ్లూ నర్సింలులే. నరసింహులు ఒకాయన, నర్సిములు ఒకాయన. వేరే వేరే ఊళ్లవాళ్లు.”

“ఇప్పుడు ఈడ్నే ఉన్నరా?”

“ఉన్నారు.”

అతను కర్ర మీద బరువు సర్దుకున్నాడు. “మరి వీళ్లను గుడ ఎవలన్న ఎత్కుతున్నరా?”

బయట ఆటో వచ్చింది. సత్తెమ్మ అతని చేయి పట్టుకుంది. వాళ్లు మెల్లగా మెట్లు దిగి వెళ్లారు.

ఆ తెరమీద ఉన్న నర్సింలులలో ఒకతని వరుసలో ‘వెంట ఉన్నవాళ్లు’ అనే గడి ఖాళీగా ఉంది. నేను, అనసూయ ఇద్దరం దాన్నే చూశాం.

అప్పటిదాకా మేం రాసినదంతా బయటినుంచి వచ్చి వెతికేవాళ్ల కోసం. ఎవరూ వెతకడానికి రానివాళ్ల కోసం ఒక్క క్వెరీ లేదు. అలాంటిది కావాలని మమ్మల్ని ఎవరూ అడగనూ లేదు. నేను అక్కడే కూర్చుని రాశాను. రోగుల పట్టికలో, వెంట ఉన్నవాళ్ల గడి ఖాళీగా ఉన్న వరుసలు ఇవ్వు. ఒక్క షరతు. నా ఉద్యోగజీవితంలో అంతకన్నా చిన్న క్వెరీ రాయలేదు.

బటన్ నొక్కాను. జాబితా మేం అనుకున్నదానికన్నా పొడుగ్గా వచ్చింది.

అనసూయ పక్క కౌంటరు ఆమెను పిలిచి, “జర నా కుర్చీల కూసో” అంది. డిశ్చార్జి అయినవాళ్లను వదిలి నేను వార్డు నంబర్లు చదువుతుంటే ఆవిడ ఒక చీటీ మీద రాసుకుంది. లిఫ్టు కోసం ఆగకుండా ఇద్దరం మెట్లెక్కాం.